కర్ర పట్టుకున్న మాస్టారు

భోజనాల బల్ల కింద దూరి ఒక కాలికి అట్టముక్క దోపుతుండగా మాస్టారి తల బల్లకు ఠంగున తగిలింది. పైన గ్లాసులో నీళ్లు తొణికి, అటూ ఇటూ ఊగి, సర్దుకున్నాయి. వంటింట్లోంచి భార్య తొంగి చూసింది. పొద్దున్నే ఇంటాయన బల్ల కింద ఉండటం ఆ ఇంట్లో వింతేమీ కాదు. అందుకని దెబ్బ తగిలిందా అని కూడా అడగలేదు.

"వంకర పోయిందా?" అంది.

"పోయింది. నీళ్లు చూడు, గ్లాసు అంచుకు సమానంగా నిలబడ్డాయి," అన్నారు మాస్టారు, కింది నుంచే.

"ఇన్నేళ్లూ వంకర బల్ల మీద తిన్నా కూర కడుపులోకే పోయిందండీ. ఇక బయటికి రండి, చల్లారిపోతోంది."

మాస్టారు విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు పిల్లలకు సర్వే పాఠం చెబుతారు. నేల ఎక్కడ ఎత్తుగా ఉందో, ఎక్కడ పల్లంగా ఉందో మిల్లీమీటర్లతో సహా కొలవడం నేర్పుతారు. రోడ్డు వేయాలన్నా, కాలువ తవ్వాలన్నా ముందు ఆ కొలత కావాలి. ఆ పని ఒంటికి పట్టేసి, ఆయనకు ప్రపంచంలో ఏదీ తిన్నగా కనిపించదు. గోడకు పటం కాస్త ఒరిగితే చాలు, ముద్ద మింగుడు పడదు. చుట్టాలింటికి వెళ్లినా ఊరుకోరు, కుర్చీ లాక్కొని ఎక్కి వాళ్ల గడియారం సరిచేసి దిగుతారు. ఇలా చేసి మూడు నాలుగు చుట్టరికాలు చెడగొట్టారని భార్య అంటుంది. అది అతిశయోక్తి. చెడింది ఒక్కటే. పెళ్లయి వెళ్లిన కూతురు కూడా ఫోనులో ముందుగానే మాట తీసుకుంటుంది, నాన్నా, మా ఇంటికొస్తే గోడల కేసి చూడకూడదని.

మనిషి పొడుగ్గా, సన్నగా ఉంటారు. ఎండలో పడీ పడీ మొహం నల్లబడింది. ఎడమ కన్ను చుట్టూ ముడతలు కుడి కంటికంటే ఎక్కువ. దుర్బిణిలో చూసేటప్పుడు మూసేది ఆ కన్నే మరి. నవ్వితే ఎడమవైపు ముసలాయన, కుడివైపు కాస్త కుర్రాడు కనిపిస్తారు. ఆ కుర్రాడి వైపు చూసే పెళ్లి చేసుకున్నానని భార్య వేళాకోళం చేస్తుంటుంది.

ఆరోజు ఆయన నవ్వలేదు. గుండె మాత్ర వేసుకోవడం మరిచిపోతే భార్యే తెచ్చి చేతిలో పెట్టింది. ఎండలో నిలబడొద్దు, నీడ పట్టున ఉండండి అని డాక్టరు చెప్పిన మాట మళ్లీ గుర్తుచేసింది. నీడలోనే ఉంటానన్నారు. ఆయన ఏదో ఆలోచనలో ఉండి ఒప్పుకున్నారని ఆవిడకు తెలుసు.

"ఆ అమ్మాయి పరీక్ష ఇవాళేనా?" అని అడిగింది.

మాస్టారు తలూపారు. ఆ అమ్మాయి మైదానంలో కొలిచే పరీక్షలో ఇప్పటికే రెండుసార్లు పోయింది. మూడోసారీ పోతే చదువులోంచి పేరు తీసేస్తారు, అది అక్కడి నియమం. మిగతా సబ్జెక్టులన్నీ మంచి మార్కులతో గట్టెక్కిన పిల్ల, ఈ ఒక్కదాని దగ్గర మునిగిపోయేలా ఉంది.

"పాసవుతుందంటారా?"

"కర్ర పట్టుకునేవాడు కదలకపోతే అవుతుంది," అన్నారు మాస్టారు. భార్యకు అర్థం కాలేదు. ఆయన చేయి కడుక్కొని, మూల నిలబెట్టిన పెద్ద నల్ల గొడుగు తీసుకొని బయల్దేరారు.

ఆ గొడుగు వల్లే పిల్లలు ఆయన్ని గొడుగు సారు అంటారు. మొహం మీద అనరు గానీ ఆయనకు తెలుసు. అయితే ఆ గొడుగు ఏనాడూ ఆయన నెత్తి మీద ఉండగా ఎవరూ చూడలేదు. ముక్కాలి స్టాండు మీద బిగించిన కొలత పరికరం పక్కన ఒక ఇనుప కడ్డీ నాటి, దానికి గొడుగు కడతారు. నీడ పరికరానికే పడాలి. ఎండ ఒకవైపు తగిలితే లోపలి ఇనుము వేడెక్కి, మట్టం చూపించే బుడగ పక్కకు జరుగుతుంది. ఏటా మొదటి పాఠం ఇదే. మనకు ఎండ తగిలితే చెమట పడుతుంది, తుడుచుకుంటాం, దీనికి తగిలితే అబద్ధం చెబుతుంది అనేవారు. పిల్లలు నవ్వేవారు, తర్వాత మరిచిపోయేవారు.

విభాగం భవనం వెనక సామాన్ల గదే ఆయన గది. తక్కినవాళ్లకు తలుపు మీద పేరున్న గదులున్నాయి. మాస్టారికి డాక్టరేటు లేదు, ఆ కారణం చేత ఉద్యోగంలో చేరిన మెట్టు మీదే ఉండిపోయారు. ఆయన దగ్గర చదువుకున్నాయనే ఇప్పుడు విభాగానికి అధిపతి. ఎవరూ లేనప్పుడు 'సార్' అంటాడు, మీటింగుల్లో మాత్రం 'ప్రాక్టికల్స్ ఆయన' అంటాడు. మాస్టారు రెండింటికీ ఒకేలా పలుకుతారు. నూనె వాసన, చెక్కపెట్టెల వాసన కలిసిన ఆ గదిలో మెత్తటి గుడ్డతో అద్దాలు తుడుచుకుంటూ కూర్చుంటే ఆయనకు పదవులు గుర్తుకు రావు. ఆ గది తలుపుకు మాత్రం వంకర లేదు, అది ఆయనే సరిచేసుకున్నారు.

ఆయన నేర్పే పని చెప్పడానికి చాలా చిన్నది. మైదానం అంచున ఒక రాయి పాతి ఉంటుంది, దాని ఎత్తు ముందే తెలుసు. అక్కణ్ణించి బయల్దేరి, కొంత దూరానికొక చోట కొలుస్తూ, భవనాలన్నీ చుట్టి మళ్లీ అదే రాయి దగ్గరికి రావాలి. పరికరంలోంచి ఒకరు చూస్తారు. దూరంగా ఇంకొకరు అంకెలూ ఎర్రనల్ల గీతలూ వేసిన పొడుగాటి కర్ర నిలబెట్టి పట్టుకుంటారు. చుట్టి వచ్చాక లెక్క కడితే రాయి ఎత్తు మొదట ఉన్నంతే రావాలి. రాదు. ఎంత జాగ్రత్తగా చేసినా రెండు మూడు మిల్లీమీటర్లు అటో ఇటో పోతుంది. ఆ తేడా ఒక హద్దులోపల ఉంటే పాస్, దాటితే ఫెయిల్.

పిల్లలు దీనికో దారి కనిపెట్టారు. ఏ క్లాసు వాళ్లకు ఆ క్లాసు ముందువాళ్లు గుట్టుగా నేర్పి పోతారు. చెట్టు నీడన కూర్చొని, చివరి అంకె నుంచి వెనక్కి సర్దుకుంటూ వచ్చి, తేడా సున్నా అయ్యేలా రాసేస్తారు. దాన్ని వాళ్లలో వాళ్లు 'వండటం' అంటారు. వాళ్లు తెలివైనవాళ్లే గానీ ఒక్క సంగతి తెలియదు. నిజంగా నడిచి కొలిచినవాడికి సున్నా రాదు. సున్నా కనిపించిందంటే వంట జరిగిందన్నమాటే. మాస్టారికి అది తెలుసు. కానీ బయటి నుంచి వచ్చే పరీక్షకులు చివరి అంకె ఒక్కటే చూస్తారు, సున్నా పక్కన భలే అని రాసి పోతారు. దాని కింద మాస్టారు సంతకం పెట్టాలి. ఏళ్ల తరబడి అలా సున్నాల కింద సంతకాలు పెడుతూనే వచ్చారు.

ఈ అమ్మాయి రెండుసార్లూ పోయింది ఎందుకంటే వండలేదు. కళ్లద్దాలు, పొట్టి మనిషి, మాట తక్కువ. తనతో చేరినవాళ్లు పై క్లాసులకు వెళ్లిపోతే చిన్నవాళ్ల మధ్య మిగిలింది. వాళ్లు ఆమెను 'సీనియర్' అని పిలుస్తారు, అందులో గౌరవమేమీ లేదు. రెండోసారి పోయిన రోజున సామాన్ల గది బయట ఎవరో ఆమెను చీవాట్లు పెడుతున్నారు, అందరిలా సర్దేస్తే నీ సొమ్మేం పోయిందని. మాస్టారు తలుపు ఇవతల అద్దం తుడుస్తున్నారు.

"సారు కనిపించిందే రాయమన్నారు కదా," అంది ఆ అమ్మాయి.

అంతే అంది. గొప్పగా కూడా అనలేదు, తలుపు తీసుందా మూసుందా అని అడిగితే చెప్పినట్టు అంది. మాస్టారు అప్పటికే శుభ్రంగా ఉన్న అద్దాన్ని చాలాసేపు తుడుస్తూ ఉండిపోయారు. ఇన్నేళ్లుగా ఆ మాట గోడకు చెప్పినట్టు చెబుతూ వచ్చారు. విన్న పిల్ల ఒక్కతి ఉంది. ఆ ఒక్కదాన్నీ ఫెయిల్ చేస్తూ సంతకం పెట్టింది తన చెయ్యే.

అసలు తేడా అంతంత ఎందుకు వస్తోందో ఆయనకు అంతుబట్టేది కాదు. అమ్మాయి పక్కనే నిలబడి ఎన్నిసార్లు చూశారో. స్టాండు గట్టిగా నాటుతుంది, బుడగను ఓపిగ్గా నడిమికి తెస్తుంది, అంకె చదివి మళ్లీ చదువుతుంది. వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. పోయిన వారం ఒక మేకు కొట్టడానికని మైదానం అవతలి గట్టుకు వెళ్లి, ఊరికే వెనక్కి తిరిగి చూశారు. అమ్మాయి పరికరాన్ని భుజాన వేసుకొని కొత్త చోటుకు నడుస్తోంది. ఆ సమయంలో కర్ర పట్టుకున్నవాడు ఉన్నచోటు నుంచి కదలకూడదు. వెనకటి కొలతకూ ముందటి కొలతకూ ముడి ఆ చోటే. వాడు కర్రను గడ్డిలో పడేసి కుళాయి దగ్గరికి పోయాడు. నీళ్లు తాగి, మొహం కడుక్కొని, ఈల వేసుకుంటూ వచ్చి, జానెడు పక్కన మళ్లీ నిలబెట్టాడు.

మాస్టారు నెత్తి కొట్టుకున్నారు. తప్పు ఆ పిల్ల కంట్లోనో చేతిలోనో ఉందని ఇన్నాళ్లూ వెతికారు. ఎప్పుడూ పరికరం దగ్గరే నిలబడ్డారు గానీ, అవతలి చివర ఎవరు ఎలా నిలబడుతున్నారో చూద్దామని ఒక్కనాడూ అనిపించలేదు. అమ్మాయిని పిలిచి సంగతి చెప్పి, పరీక్ష రోజున నమ్మకమైన మనిషిని తెచ్చుకోమన్నారు. కర్ర పట్టే మనిషిని ఎవరికి వాళ్లు తెచ్చుకోవడమే అక్కడి పద్ధతి.

మధ్యాహ్నం మైదానంలో ఎండ మాడ్చేస్తోంది. వేరే విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరీక్షకుడు చిన్నవాడు, మెట్ల మీద నీడలో కూర్చొని శీతల పానీయం తాగుతున్నాడు. మిగతా పిల్లల పరీక్షలు పొద్దున్నే అయిపోయాయి. వరసగా సున్నాలు. మాస్టారు వచ్చేసరికి అమ్మాయి పరికరం పెట్టె ముందు ఒంటరిగా నిలబడి ఉంది. మెడ చుట్టూ ఆకుపచ్చ స్కార్ఫు, దాని కొసను వేలికి చుడుతూ విప్పుతూ ఉంది.

"ఎవరమ్మా కర్ర పట్టుకునేది?"

"వస్తానన్నవాడు రాలేదు సార్. ఫోను తియ్యట్లేదు. ఇంకో ఇద్దర్ని అడిగాను."

ఆ ఇద్దరిలో ఎవరూ రాలేదు. క్యాంటీన్ అరుగు మీద జూనియర్లు గుంపుగా కూర్చొని ఉన్నారు, ఆమె అటు చూడటం లేదు. పరీక్షకుడు గడియారం చూసుకొని, తనకు సాయంత్రం బండి ఉందనీ, ఎవరైనా అటెండరును పిలవమనీ అన్నాడు. అటెండరును అధిపతిగారు సొంత పని మీద పంపించారు. ఇంకో రోజుకు వాయిదా వేసే వీలు లేదు.

మాస్టారు గోడకు ఆనించి ఉన్న కర్ర అందుకున్నారు. అడుగున అంటిన మట్టిని జేబురుమాలుతో తుడిచారు.

పరీక్షకుడు తత్తరపడి లేచాడు. మీరు పట్టుకోవడమేమిటి సార్, బాగోదు అన్నాడు. నిజమే, కర్ర మోయడం అటెండర్ల పని, కుర్రవాళ్ల పని. మాస్టర్లెవరూ దాన్ని ముట్టుకోరు. మాస్టారు మాత్రం లెక్క వేసేది అమ్మాయేననీ, చూసేది అమ్మాయేననీ, కర్ర పట్టేది ఎవరై ఉండాలో నియమాల్లో ఎక్కడా లేదనీ నెమ్మదిగా చెప్పారు. ఆ కుర్రాయన ఆలోచించి, సరే మీ ఇష్టం అని మళ్లీ నీడలో కూర్చున్నాడు.

అమ్మాయి గొడుగు తెచ్చి ఇవ్వబోయింది.

"గొడుగు దానికమ్మా," అన్నారు మాస్టారు పరికరాన్ని చూపించి. "మొదటి రోజు ఏం చెప్పాను?"

ఆయన రాయి దగ్గరికి వెళ్లి కర్ర నిలబెట్టారు. చదువుకునే రోజుల తర్వాత మళ్లీ ఆ చివర నిలబడటం అదే. అక్కణ్ణించి చూస్తే పరికరం అగ్గిపెట్టంత ఉంది, దాని వెనక అమ్మాయి మొహం కనిపించడం లేదు, గొడుగు నీడ ఒక్కటే నల్లగా ఉంది. పాత పరికరం గనక అందులో బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది. తను ఆ పిల్ల కంటికి ఆకాశంలోంచి వేలాడుతూ ఉంటారని తట్టి ఆయనకు లోపల్లోపల నవ్వొచ్చింది. కర్రను రెండు చేతుల మధ్య పెట్టుకొని, ఉయ్యాల ఊపినట్టు ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపారు. అలా ఊపుతుంటే కనిపించే అంకెల్లో అన్నిటికంటే చిన్నది నిజమైనది. ఆ సంగతి తెలిసి ఊపేవాడు పిల్లల్లో ఒక్కడూ ఉండడు.

అమ్మాయి చెయ్యెత్తింది. ఆయన ముందుకు కదిలారు.

ఒక చోటు, మరో చోటు, గ్రంథాలయం మలుపు. అమ్మాయి పరికరాన్ని భుజానెత్తుకొని, గొడుగు కడ్డీ చంకన పెట్టుకొని, పెదవుల మీద అంకె వల్లె వేసుకుంటూ ఆయన పక్క నుంచే వెళ్లేది. తల తిప్పి చూసేది కాదు. అలాగే ఉండాలి కూడా. ఆ నడకల మధ్య మాస్టారికి ఇన్నేళ్లుగా తెలియనిది ఒకటి తెలిసింది. ఈ చివర నిలబడినవాడికి చేయడానికేమీ లేదు, చూడటానికేమీ లేదు. లెక్క ఎంతవరకు వచ్చిందో తెలియదు. ఎండ, నిశ్శబ్దం, చేతిలో ఒక కర్ర. కుళాయి దగ్గరికి పోయిన కుర్రాడి మీద కోపం కాస్త తగ్గింది. అవతలి మనిషి అంటే ఇష్టం ఉంటే తప్ప ఇక్కడ నిలబడటం కష్టం. వచ్చే ఏడాది మొదటి పాఠం పిల్లలందరికీ ఈ చివరి నుంచే మొదలుపెట్టాలి అనుకున్నారు.

క్యాంటీన్ మూలన ఒక ఎర్రచీమ ఆయన కాలి మీదికి ఎక్కింది. దులిపితే కర్ర కదులుతుంది. చీమ మడమ దాటి, పిక్క దాకా వెళ్లి, అక్కడ స్థిమితంగా కుట్టింది. మాస్టారు ఎడమ కన్ను మూసుకొని, పళ్లు బిగించి నిలబడ్డారు. అరుగు మీద కుర్రాళ్లు గొడుగు సారు చేతికి కర్ర వచ్చిందని ఏదో జోకు వేసి నవ్వారు. ఒకడు ఫోటో కూడా తీశాడు. ఆయన నెత్తి మాడిపోతోంది, మోకాళ్లు పీకుతున్నాయి, ఎడమ భుజంలో ఏదో బరువుగా ఉంది.

పరికరం ఎత్తుకొని కొత్త చోటుకు పోతున్న అమ్మాయి ఆయన్ని దాటి నాలుగడుగులు వేసి ఆగింది. స్టాండును జాగ్రత్తగా నేల మీద పెట్టి వెనక్కి వచ్చింది. మెడలోని స్కార్ఫు విప్పింది. ఆకుపచ్చ మీద తెల్ల చుక్కలు.

"తల వంచండి సార్."

"టైము పోతోందమ్మా. ముందు నీ పని చూసుకో."

"కర్ర కదలకుండా తల వంచండి," అంది అమ్మాయి. ఆ గొంతు ఆయన పాఠం చెప్పేటప్పటి గొంతులా ఉంది.

మాస్టారు వంచారు. ఆ పిల్ల మునివేళ్ల మీద లేచి, స్కార్ఫును నెత్తి చుట్టూ రెండు చుట్లు తిప్పి, చెవుల మీదుగా లాగి, గడ్డం కింద ముడి వేసింది. కర్ర వెంట్రుకవాసి కూడా జరగలేదు. అరుగు మీద నవ్వులు ఇంకా పెద్దవయ్యాయి. వాళ్లిద్దరికీ అవేమీ వినిపించలేదు.

తిరిగి తిరిగి రాయి దగ్గరికి వచ్చారు. చివరి అంకె రాసుకొని అమ్మాయి మెట్ల మీద కూర్చొని లెక్క కట్టింది. మాస్టారు దూరంగా, కావాలని అటు తిరిగి కూర్చున్నారు. కూర్చున్నాక గానీ ఎంత అలిసిపోయారో తెలియలేదు. గుండె కొట్టుకునేది తనకోసమో ఆ పిల్లకోసమో ఆయనకు తెలియడం లేదు. వెనక కాగితం చప్పుడు, పెన్ను చప్పుడు, తర్వాత పరీక్షకుడి దగ్గు.

"మూడు మిల్లీమీటర్లు," అన్నాడు పరీక్షకుడు. హద్దు కంటే ఎంతో తక్కువ. పొద్దుటి నుంచీ అందరికీ సున్నాలే వచ్చాయనీ, ఈ అమ్మాయికి కొంచెం తేడా వచ్చినా పరవాలేదనీ అంటూ సంతకం పెట్టాడు. పాస్. బండికి టైమైందని సంచి సర్దుకొని వెళ్లిపోయాడు. ఆ మూడు మిల్లీమీటర్లు ఆ పూట మైదానంలో పుట్టిన ఒకే ఒక్క నిజమని అతనికి చెప్పినా ప్రయోజనం లేదు.

మాస్టారు కాగితం అందుకొని మూడు అంకెను మళ్లీ మళ్లీ చూశారు. ఆయన ఉద్యోగంలో ఎన్ని పటాలు గీశారో, ఎంతమందికి పాఠం చెప్పారో గానీ, అంత అందమైన అంకెను చూసిన గుర్తు లేదు.

అమ్మాయి పరికరాన్ని పెట్టెలో పెడుతూ, "సార్, మీరు గనక…" అని మొదలుపెట్టింది.

"ఆగమ్మా. ముందు నేను చెప్పాలి." అన్నారు మాస్టారు. ఇలాంటి మాటలు ఆయనకు అలవాటు లేవు. "కనిపించిందే రాయమని ఏటా చెబుతూనే ఉన్నాను. అందరూ తలూపుతారు. నువ్వు విన్నావు. రెండుసార్లు పోయినా మళ్లీ అదే రాశావు. నా మాటకు విలువిచ్చావు తల్లీ. థాంక్స్."

అమ్మాయి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. మాస్టారే తనకు థాంక్స్ చెబితే ఏమనాలో ఏ క్లాసులోనూ నేర్పలేదు.

"ఇంకోలా రాయడం నాకు చేతకాదు సార్," అంది చివరికి.

పెట్టె గొళ్లెం పెట్టింది. మాస్టారు ఆమె తల మీద చెయ్యి పెట్టి, ఇంటికి వెళ్లి ముందు అమ్మకు చెప్పమన్నారు. ఆ పిల్ల నడుస్తూ వెళ్లి, గేటు దగ్గర ఎవరూ చూడటం లేదనుకొని పరుగెత్తింది. మాస్టారు చూస్తూనే ఉన్నారు.

ఇంటి తలుపు తీసిన భార్య గుమ్మంలోనే ఆయన్ని ఎగాదిగా చూసింది.

"ఎవరండీ మీరు? మా ఆయన ఇంకా రాలేదు," అంది.

అప్పుడు గానీ మాస్టారు తల తడుముకోలేదు. స్కార్ఫు గడ్డం కింద ముడితో సహా అలాగే ఉంది. సామాన్ల గదికి తాళం వేసింది, బజారు గుండా నడిచింది, బస్సెక్కింది అంతా దానితోనే. అందుకే కాబోలు, బస్సులో ఒకాయన లేచి సీటిచ్చాడు అన్నారు. భార్య గోడ పట్టుకొని నవ్వింది. నవ్వు ఆగాక ఆయన మొహం దగ్గర్నుంచి చూసి, నీడలో ఉంటానని మాటిచ్చారు కదా అని కోప్పడింది. మాస్టారు జరిగిందంతా చెప్పారు. చీమ సంగతి కూడా చెప్పారు. మూడు మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చేసరికి వేళ్లు కొంచెం ఎడంగా పట్టి చూపించారు. ఆ ఎడాన్ని ఆవిడ వంగి మరీ చూసింది. ఇంట్లో ఆయన్ని అంత సంతోషంగా చూసి చాలా కాలమైంది, అందుకని ఇంక కోప్పడలేదు.

"రేపు పొద్దున్నే ఇది ఇచ్చేయాలి," అన్నారు మాస్టారు స్కార్ఫు విప్పుతూ.

"ఇలాగా ఇస్తారు ఆడపిల్లకి? దుమ్ము, చెమట. ఇటివ్వండి, ఉతుకుతాను. ఈ గాలికి గంటలో ఆరుతుంది."

ఆయన కిటికీ పక్క పేము కుర్చీలో కూర్చున్నారు. కాసేపు కళ్లు మూసుకుంటానన్నారు. భోజనం వేళకు లేపనా అంటే, లేపమన్నారు. పెరట్లో నీళ్లు పట్టే చప్పుడు వినిపిస్తోంది. అరికాళ్ల కింద మైదానం ఇంకా వేడిగా ఉన్నట్టే ఉంది. ఆ మూడు మిల్లీమీటర్లు ఎక్కడ పోయి ఉంటాయా అని ఆయన చుట్టూ తిరిగిన దారంతా మనసులో మళ్లీ నడిచారు. గ్రంథాలయం మలుపులో కాదు. గట్టు దగ్గర కాదు. క్యాంటీన్ మూల చీమ కుట్టినప్పుడు ఒక మిల్లీమీటరు పోయిందేమో. అయితే అది నా ఖాతాలోది, అమ్మాయిది రెండే అనుకున్నారు. అలా అనుకుంటే ఎంతో హాయిగా ఉంది. ఎడమ చేయి బరువెక్కి ఒళ్లోకి జారింది. దాన్ని మళ్లీ పైకి తీసుకోవాలని ఆయనకు అనిపించలేదు.

భార్య స్కార్ఫును రెండుసార్లు సబ్బు పెట్టి ఉతికింది. తెల్ల చుక్కలు తేలాయి. గట్టిగా పిండితే నలుగుతుందని ఊరికే జాడించి, తీగ మీద పరిచి, రెండు చివరలా క్లిప్పులు పెట్టింది. తడి చేతులు చీర కొంగుకు తుడుచుకుంటూ లోపలికి వస్తూ, రేపు మీరు సెలవు పెట్టి పడుకోండి, ఆ అమ్మాయి ఇల్లు చెబితే నేనే వెళ్లి ఇచ్చొస్తాను అంది. ఆయన పలకలేదు. నిద్ర పట్టిందనుకొని పొయ్యి మీద పాలు పెట్టింది. పాలు పొంగకుండా దించి, మళ్లీ వచ్చి చూసింది.

"ఏమండీ," అంది.

ఆ మాట అంటుండగానే ఆవిడకు తెలిసిపోయింది. కుర్చీ పక్కన నేల మీద కూర్చొని ఆయన చేతిని తన చేతిలోకి తీసుకుంది. అరచేతిలో కర్ర మీది రంగు పెచ్చులు అంటుకొని ఉన్నాయి, ఎర్రవీ నల్లవీ. ఆవిడ వాటిని ఒక్కొక్కటే గోటితో తీస్తూ కూర్చుంది. ఎప్పుడైనా కావచ్చని డాక్టరు తనకు విడిగా చెప్పాడు. ఇంత మంచి రోజున అని మాత్రం చెప్పలేదు.

చీకటి పడే వేళకు పక్కింటివాళ్లు వచ్చారు. ఎవరో కూతురికి ఫోను చేశారు. ఎవరో విశ్వవిద్యాలయానికి చేస్తే, అధిపతి ఫోనులో 'మా సార్' అన్నాడట. ఇంకెవరికైనా కబురు చెప్పాలా అని పక్కింటావిడ అడిగింది. ఉంది, ఒక అమ్మాయి ఉంది అని భార్య అనబోయింది. ఆ అమ్మాయి పేరేమిటో, ఇల్లెక్కడో ఆయన్ని అడగనేలేదని అప్పుడు గుర్తొచ్చింది. అప్పటిదాకా నిబ్బరంగా ఉన్న మనిషి, ఆ మాట దగ్గర వెక్కి వెక్కి ఏడ్చింది.

ముందు గదిలో మనుషులు నిండిపోయారు. వెనక తలుపు తీసే ఉంది. పెరట్లో తీగ మీద ఆకుపచ్చ స్కార్ఫు, గంటలో ఆరుతుందన్నది, కొసన ఇంకా కొంచెం తడిగానే వేలాడుతోంది.